నలభై మాటలు

ఫెవ్రోనియా బండి చప్పుడు
ఊరి మలుపు తిరక్కముందే తెలుస్తుంది నాకు.
పాత మోటారుసైకిల్ ఇంజను, లారీ ట్యూబులే చక్రాలు,
సీటు వెనక ఉల్లిపాయల గోతం.
మంచు విరిగితే తేలాలని ఆ ట్యూబులు.
ఇంతవరకూ తేలాల్సిన పని పడలేదు.
ఇవాళ గాలి వాలకం చూస్తే
ఆ ముచ్చటా తీరేలా ఉంది.

పైప్సి సరస్సు మీద ఫిబ్రవరి.
అవతలి ఒడ్డు రష్యా. కనపడదు.
కనపడేదల్లా తెలుపు,
ఆ తెలుపు మీద పాకుతూ ఇంకో తెలుపు.
పొడిమంచు మా బూట్లను రాసుకుంటూ
ఎక్కడో పనున్నట్టు పోతోంది.

నాది ఎస్తోనియన్, ఆమెది రష్యన్.
ముప్పై ఏళ్లలో మా మధ్య
నలభై మాటలు పోగయ్యాయి.
చేప. టీ. మోకాలు. చాలు. ఇంకొంచెం.
‘వాడొక వెధవ’ అన్నది ముగ్గురికి వాడాం,
అందులో ఒకడు నా మాజీ మొగుడు.
ఆమె మొగుడు పోయిన రోజు
నలభైలోనూ వెతికాను, పనికొచ్చేది దొరకలేదు.
పొద్దుగూకేదాకా ఆమె ఉల్లిమడుల్లో
కలుపు తీసి వచ్చేశాను.

బరమా తిప్పేది నేను.
మూరెడు దిగాక
నీళ్లు గుటక వేసినట్టు పైకొచ్చాయి.
ఆమె చిల్లుల గరిటెతో మంచుపెళ్లలు దేవింది,
మూకుట్లోంచి పిండివంట తీసేంత శ్రద్ధగా.
రెండు పెట్టెలు. రెండు వీపులు గాలికి.
కర్ర కొస వణుకుతోంది,
చేపో, గాలో, నా చెయ్యో తెలీదు.
గాలం వేశామనుకున్నాం గానీ
గాలే వేసింది మాకు.

ఆమె ఏదో అరిచింది. ఎగిరిపోయింది.
నేనూ ఒకటి అరిచాను. అదీ పోయింది,
తూర్పుకే.
సరిహద్దు కాపలావాళ్లకి
ఈపాటికి దొరికి ఉంటాయి
పాస్‌పోర్టు లేని రెండు మాటలు.

మధ్యాహ్నానికి ఒక్క చేప.
ఒంటి మీద చారలు, ఎర్ర రెక్కలు.
మంచు మీద రెండుసార్లు ఎగిరి
మూడోసారి ఎగరబోతూ
వంగిన వాటాన అలాగే బిగుసుకుపోయింది.

అప్పుడు అడుగునుంచి ఒక చప్పుడు.
కింద ఎవరో బీరువా జరిపినట్టు.
ఫెవ్రోనియా చేతి తొడుగు తీసి
మంచుకి అరచెయ్యి ఆనించింది,
జ్వరం చూసినట్టు.
రెండు వేళ్లతో శిలువ గీసుకుంది.
ఒడ్డుకేసి చూపించి
నాకు తెలియని మాట ఒకటి అంది.

ఒడ్డుకీ మాకూ మధ్య
నల్లటి గీత, చూస్తుండగానే
వాగవుతోంది.

బరమా అక్కడే వదిలేశాం.
చేప బక్కెట్టు నా ఒళ్లో.
ముందు చక్రాలు మునిగాయి, బండి ఒకవైపు ఒరిగింది,
గోతం జారి మూతి విప్పుకుంది.
నిజంగానే తేలాం.
మాతోపాటు ఉల్లిపాయలూ తేలాయి,
నల్లనీళ్ల మీద పసుప్పచ్చగా, గుంపుగా,
ఎవరి పెళ్లికో బయల్దేరినట్టు.
అంతలో చక్రం అంచు పట్టింది.

గట్టు మీద ఫ్లాస్కులో టీ మిగిలే ఉంది.
చెరో మూత తాగాం.
ఆమె ఉల్లిపాయల్ని చూసింది,
గాలి వైపు గడ్డం ఎత్తి
“వాడొక వెధవ” అంది,
ఎస్తోనియన్‌లో, నా యాసతో.
నవ్వలేక నా పొట్ట పట్టుకున్నాను,
ఏడుస్తున్నానేమో కూడా, ఆ గాలికి కళ్లలో నీళ్లు
వేటివో చెప్పడం కష్టం.

రాత్రి నా వంటింట్లో
బక్కెట్టు పొయ్యి పక్కన పెట్టి మర్చిపోయాను.
మంచు కరిగి ఉంటుంది.
తోక ఒక్కసారి రేకుకి కొట్టుకుంది.
దాని వైపు వంగి
మధ్యాహ్నం విన్న ఆ మాట
మెల్లిగా పలికి చూశాను.
పరుగెత్తు అనో, దేవుడా అనో,
నా ఉల్లిపాయలు అనో.